కళాశాల చదువులో సైనిక నాయకత్వము: పంచాయతీ సభ్యులకు కొన్ని మాటలు

(హైదరాబాదు పాతబస్తీలోని ఒక కళాశాల సభామందిరమున, జిల్లాలనుండి విచ్చేసిన గ్రామపంచాయతీ సభ్యుల సమావేశములో సమాచార శాఖాధికారి యొకరు చేసిన ప్రసంగ పాఠము)



నిన్న సాయంకాలము మీరందరు చార్మినారు చూడబోయినప్పుడు మీలో నొకరు నన్ను ప్రక్కకు పిలిచి ఒక ప్రశ్న వేసిరి. "అయ్యా, మా పెద్దవాడు ఈ సంవత్సరమే డిగ్రీలో చేరినాడు. తక్కిన పాఠములతో పాటు ఎన్.సి.సి.ని కూడ ఒక సబ్జెక్టుగా తీసికొందునని పట్టుపట్టినాడు. వాని తల్లి సైన్యమను మాట వినగానే కంట తడిపెట్టుచున్నది. కాగితముమీద నేను సంతకము పెట్టనా, మాననా?" అని అడిగిరి. గాజుల దుకాణముల సందడిలో నిలుచుండి సమాధానము చెప్పదగిన ప్రశ్న కాదది. రేపు సభలో చెప్పెదనని వారితో అంటిని. నేటి నా ప్రసంగమంతయు వారికి నేను బాకీపడిన సమాధానమే.

ఈ ప్రశ్న వారొక్కరిది మాత్రమే కాదు. ఏటేట ఇంటర్మీడియెటు ఫలితములు వెలువడగానే పల్లెలలో తల్లిదండ్రులు పంచాయతీ సభ్యుని అరుగుమీదికి వచ్చి కూర్చుందురు. ఏ కళాశాల, ఏ చదువు, ఎంత ఖర్చు అని అడుగుదురు. మీరు చెప్పిన మాటమీద ఒక పిల్లవాని మూడేండ్ల కాలము ఆధారపడి యుండును. కావున విషయమును సరిగ తెలిసికొని చెప్పుట మీ ధర్మము. మీకు తెలియజేయుట మా శాఖ ధర్మము.

ఈ పాతబస్తీకి సిపాయిల ముచ్చట క్రొత్త కాదు. ఇక్కడికి దక్షిణమున బార్కస్ అను పేట యున్నది. నిజాముల కొలువులోని అరబ్బు సిపాయిల బారకాసులు అచట నుండుటచేతనే దానికాపేరు వచ్చినది. సంతోష్‌నగర్ సమీపమున పైగా వంశీయుల సమాధులు కలవు. ప్రభువు కొరకు సైన్యమును పోషించు బాధ్యతతో జాగీరులు పొందిన వంశమది. నేడు కంచన్‌బాగులో దేశరక్షణ పరిశోధనాలయములు వెలసినవి. ఆ కాలమున సేనానాయకత్వము వంశమునుబట్టియో, కత్తినిబట్టియో వచ్చెడిది. రైతుబిడ్డకు సిపాయి కొలువు దొరకిన దొరకవచ్చును గాని నాయకత్వము దొరకుట అరుదు. పల్లెనుండి బస్సెక్కి వచ్చిన పిల్లవాడు కళాశాల బెంచీమీద కూర్చుండి నాయకత్వమును ఒక పాఠముగ చదువుట మన కాలపు విశేషము.

ఈ చదువునకు మన దేశమున ఆధారమైన సంస్థ నేషనల్ కేడెట్ కోర్. మనమందరము ఎన్.సి.సి. అని పిలుచునది అదియే. దాని చరిత్రను క్లుప్తముగ మనవి చేసెదను. 1917లో విశ్వవిద్యాలయములలో విద్యార్థి దళములు మొదలైనవి. దేశవ్యాప్తమైన దళమును ఏర్పరచు విషయమును పరిశీలించుటకు 1946లో హృదయనాథ్ కుంజ్రూ పండితుని అధ్యక్షతన ఒక సంఘమును నియమించిరి. ఆ సిఫార్సుల ననుసరించి 1948లో చట్టము వచ్చినది. ఆ సంవత్సరము జూలై 15వ తేదీన ఎన్.సి.సి. అవతరించినది. 1949లో బాలికల విభాగము, 1950లో విమానదళ విభాగము, 1952లో నౌకాదళ విభాగము చేరినవి. 1962లో చైనా యుద్ధము జరిగిన పిమ్మట, 1963లో దీనిని కళాశాల విద్యార్థులకు నిర్బంధము చేసిరి. 1968లో ఆ నిర్బంధమును తొలగించి ఐచ్ఛికము చేసిరి. మీ తండ్రులలో కొందరు ఆ నిర్బంధపు దినములలో ఎండలో కవాతు చేసిన కథలను మీకు చెప్పియే యుందురు.

ఇచట ఒక భయమును మొదటనే తీర్చవలెను. ఎన్.సి.సి.లో చేరిన పిల్లవానిని యుద్ధము వచ్చినప్పుడు పట్టుకొనిపోవుదురని పల్లెలలో ఒక అపోహ కలదు. అది నిజము కాదు. ఎన్.సి.సి. చట్టము ప్రకారము కేడెట్లకు సైనికసేవ చేయవలసిన బాధ్యత లేదు. సైన్యములో చేరుట, చేరకపోవుట డిగ్రీ పూర్తియైన తరువాత ఆ పిల్లవాడు స్వయముగ నిర్ణయించుకొను విషయము. నిన్న నన్ను ప్రశ్నించిన పెద్దమనిషి ఈ మాటను ఈ రాత్రియే ఇంటికి ఫోనుచేసి ఆ తల్లితో చెప్పవలెనని నా మనవి.

ఇక ఇందులో క్రొత్తగ వచ్చిన మార్పేమి? మొన్నమొన్నటివరకు ఎన్.సి.సి. చదువునకు బయటి వస్తువు. పిల్లవాడు తెల్లవారుజామున లేచి పరేడుకు పోయి, చెమటతో తరగతికి వచ్చి కూర్చుండెడివాడు. శిబిరమునకు పోయినప్పుడు పాఠములు పోయెడివి. వాని శ్రమకు మార్కుల పట్టికలో చోటు లేకుండెను. 2021 ఏప్రిల్‌లో విశ్వవిద్యాలయముల నిధుల సంఘము, అనగా యు.జి.సి., అన్ని విశ్వవిద్యాలయములకు లేఖ వ్రాసి, ఎన్.సి.సి.ని ఒక ఐచ్ఛిక పాఠ్యాంశముగ ప్రవేశపెట్టవలసినదిగ కోరినది. ఆరు సెమిస్టరులలో 24 క్రెడిట్లకు పాఠ్యప్రణాళిక సిద్ధమైనది. క్రెడిటు అనగా నేమి? ఒక సెమిస్టరు పొడుగున వారమునకు ఒక గంట పాఠము విన్నచో ఒక క్రెడిటు; చేతితో చేయు పనియైనచో వారమునకు రెండు గంటలు. మనము కూలిపనిని దినముల లెక్కన గణించినట్లే, చదువును క్రెడిట్ల లెక్కన గణించుచున్నారు. కవాతు చేసిన కాలమునకు ఇప్పుడు ఆ లెక్కలో చోటు దొరకినది. మరియు ఎన్.సి.సి. వారిచ్చు 'బి', 'సి' సర్టిఫికెట్లు యథాప్రకారము వేరుగ లభించును.

ఇది మన దేశమునకే పరిమితమైన ఏర్పాటు కాదు. అమెరికాలో 1916లో చేసిన చట్టమువలన విశ్వవిద్యాలయములలో రిజర్వు అధికారుల శిక్షణదళము ఏర్పడినది. అచట కొన్ని కళాశాలలలో విద్యార్థి ఇంజనీరింగో, వ్యాపారశాస్త్రమో ప్రధానముగ చదువుచు, సైనిక నాయకత్వమును ఉపవిషయముగ చదువవచ్చును. మన దేశములోనే మద్రాసు, పూనా, అలహాబాదు విశ్వవిద్యాలయములలో రక్షణ విషయముల అధ్యయనమునకు ప్రత్యేక శాఖలున్నవి. అంత దూర మేల? మన సికింద్రాబాదులో 1970లో స్థాపించిన డిఫెన్స్ మేనేజ్‌మెంట్ కళాశాల కలదు. త్రివిధ దళములలో ఏండ్ల తరబడి పనిచేసిన ఉన్నతాధికారులు అచటికి వచ్చి మరల విద్యార్థులగుదురు. వారు చదివిన చదువునకు పట్టమిచ్చునది మన ఉస్మానియా విశ్వవిద్యాలయము. తల నెరసిన అధికారులే నాయకత్వమును ఇంకను నేర్చుకొనుచుండగా, పదునెనిమిదేండ్ల పిల్లవాడు దానిని మొదలుపెట్టుటలో వింత యేమున్నది?

మరి ఇందులో ఏమి నేర్పుదురు? ఎడమ కాలు, కుడి కాలు మాత్రమే యని తలంపవలదు. కవాతుతో పాటు తుపాకి విప్పుట, శుభ్రపరచుట, గురిచూచుట నేర్పుదురు. పటమును చదువుట, దిక్సూచిని ఉపయోగించుట నేర్పుదురు. ప్రథమచికిత్స, ఆరోగ్యము, విపత్తులలో సహాయము, దేశ చరిత్ర, సైనిక చరిత్ర పాఠములుగ నుండును. నాయకుని లక్షణములెవ్వి, మనుష్యులకు ఉత్సాహము కలిగించుట ఎట్లు, సంకట సమయమున నిర్ణయము తీసికొనుట ఎట్లు అను విషయములకు ప్రత్యేక భాగము కలదు. పదిదినముల శిబిరములో పిల్లవాడు తన పక్కబట్ట తానే చుట్టుకొనవలెను. తన పళ్లెము తానే కడుగుకొనవలెను. కులమేదో, మతమేదో, భాషయేదో యెరుగని వారి ప్రక్కన పరుండవలెను. "ఏకత, అనుశాసనము" అనునది ఎన్.సి.సి. నినాదము. ఆ రెండు మాటల అర్థము బల్లమీద వ్రాసినచో పట్టుబడదు. ఒకే గుడారములో పదిరాత్రులు గడపినచో పట్టుబడును.

నాయకత్వ మనగా బిగ్గరగ ఆజ్ఞ యిచ్చుట అని మనలో పెక్కురు భావింతురు. సైన్యమువారు అట్లు భావింపరు. డెహ్రాడూనులోని సైనిక విద్యాలయమున 1932 నుండి అధికారులకు బోధించు క్రమము ఒకటి కలదు. మొదటిది దేశముయొక్క క్షేమము. రెండవది తన అధీనమునందున్న మనుష్యుల క్షేమము. చిట్టచివరది తన సుఖము. ఈ వరుస తలక్రిందులైనప్పుడు ఎంతటి సైన్యమైనను నిలువదు. దీనికి దృష్టాంతము ఈ నగరముననే కలదు.

పద్దెనిమిదవ శతాబ్ది చివర నిజాం అలీఖాను కొలువులో రేమండ్ అను ఫ్రెంచి సేనాని యుండెను. తుపాకులు, ఫిరంగులు పోతపోయుటకు అతడు నెలకొల్పిన కర్మాగారమే నేటి గన్‌ఫౌండ్రీ. ఆ కాలపు కట్టడము అచట ఇప్పటికిని కానవచ్చును. అతడు శిక్షణ యిచ్చిన పటాలములు వేల సంఖ్యలో నుండెను. మూసారాంబాగు అను పేరుకూడ అతనినుండి వచ్చినదే. అతడు 1798 మార్చిలో మరణించెను. అతని సమాధి మలకుపేట ప్రాంతమున గుట్టపై నున్నది. అతని తరువాత పిరోన్ అను నతడు సేనాని యయ్యెను. ఆంగ్లేయులు ఆ సైన్యమును రద్దుచేయవలెనని పట్టుపట్టి, నిజాముతో ఒడంబడిక చేసికొని, అదే సంవత్సరము అక్టోబరులో తమ పటాలములను చుట్టును మోహరించిరి. గొప్ప యుద్ధము జరుగునని అందరు అనుకొనిరి. కాని యుద్ధము జరుగలేదు. ఆ సిపాయిలకు జీతములు బాకీపడియుండెను. వారు తమ అధికారులపైననే తిరుగబడి, వారిని నిర్బంధించిరి. ఫిరంగులుండియు, శిక్షణ యుండియు, వేలమంది సైనికులుండియు ఆ సైన్యము దాదాపు రక్తపాతము లేకుండ ఆయుధములు అప్పగించినది.

సోదరులారా, ఈ కథలో సైనిక విద్యార్థికి ఎంత పాఠమున్నదో పంచాయతీ సభ్యునికి అంత పాఠమున్నది. మన పంచాయతీలో తెల్లవారకముందే వీధులు ఊడ్చి, మోరీలు తీసి, ట్రాక్టరుతో చెత్త మోయు కార్మికులున్నారు. వారి వేతనము నెల తిరుగగానే వారి చేతికి అందుచున్నదా? అందనిచో దానికొరకు మనము ఎన్నిమార్లు కార్యాలయమునకు పోయితిమి? వారికి చేతి తొడుగులున్నవా? ఈ ప్రశ్నలను తీర్మానపు పుస్తకములో గాక మనస్సులో వేసికొనువాడే నాయకుడు. గ్రామమందు మీ పిల్లవాడు మిమ్ములను చూచుచున్నాడు. కళాశాలలో వాడు నేర్చుకొనబోవు నాయకత్వమునకు మొదటి పాఠము మీరే చెప్పుచున్నారు.

మరియొక దృష్టాంతము. మనమిప్పుడు కూర్చున్న ఈ మందిరము మూసీనదికి కొలదిదూరములో నున్నది. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరమును ముంచివేసినది. వేలమంది మరణించిరి. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి సుమారు నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు నేటికిని ఉన్నది. తిరిగి పోవునప్పుడు చూచి పొండు. ఆ ప్రళయము పిమ్మట మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారి సలహా ననుసరించి ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు కట్టిరి. అయినను 2020 అక్టోబరులో కుండపోత వర్షమునకు చెరువుల కట్టలు తెగి ఈ పాతబస్తీలోని పేటలు మునిగినవి. మన పల్లెలలో చెరువుకట్ట గండిపడుట మీరెరుగని విషయము కాదు. అట్టి రాత్రి ఊరిలో అందరు పరుగెత్తుదురు, అందరు అరచుదురు. ఎవరు ఏ వైపు పోవలెనో చెప్పువారు మాత్రము కొరవడుదురు. ముసలివారిని మొదట పాఠశాల మేడమీదికి చేర్చవలెనని, కరెంటు ఆపివేయించవలెనని, తాడు ఎట్లు కట్టవలెనో, నీరు మింగినవానికి ఏమి చేయవలెనో తెలిసిన యువకులు ఊరిలో పదిమంది యున్నచో ఎంత మేలు! 2020లో కరోనా వ్యాధి ప్రబలినప్పుడు ఎన్.సి.సి. కేడెట్లు స్వచ్ఛందముగ ముందుకు వచ్చి, ఆహారపు పంపిణీయందును, జనుల వరుసలను సరిదిద్దుటయందును అధికారులకు సాయపడిరి. సైన్యములో చేరినను చేరకున్నను, ఈ చదువు ఊరికి వృథా పోదు.

సైన్యములో చేరినవారి విషయము వేరుగ చెప్పనక్కరలేదు. సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్‌బాబుగారి పేరు మీ యిండ్లలో పిల్లలకు కూడ తెలియును. వారు విజయనగరము జిల్లాలోని కోరుకొండ సైనిక పాఠశాలలో చదివిరి. బీహారు రెజిమెంటు 16వ పటాలమునకు అధిపతియై, 2020 జూన్ 15వ తేదీన గల్వాను లోయలో తన సైనికులకు ముందు నిలిచి ప్రాణములర్పించిరి. ప్రభుత్వము వారికి మరణానంతరము మహావీరచక్రమును ప్రకటించినది. ఈ హైదరాబాదులోనే పుట్టి, నిజాము కళాశాలలో చదివిన ఇద్రీస్ హసన్ లతీఫ్‌గారు 1978 నుండి 1981 వరకు భారత వాయుసేనకు అధిపతిగ నుండిరి. మన నేల నాయకులను కనలేదన్న మాట ఎన్నడును నిజము కాదు.

ఇక లాభముల విషయము. ఇందు నేను ఎక్కువ చెప్పను, తక్కువ చెప్పను. కళాశాలలో రెండేండ్లు శిక్షణ పొంది పరీక్షలో ఉత్తీర్ణుడైనచో 'బి' సర్టిఫికెటు, మూడవ యేడుకూడ పూర్తిచేసినచో 'సి' సర్టిఫికెటు లభించును. పరేడులకు నూటికి 75 వంతుల హాజరు ఉండవలెను, శిబిరమునకు పోవలెను. 'సి' సర్టిఫికెటులో కనీసము 'బి' గ్రేడును, డిగ్రీలో కనీసము 50 శాతము మార్కులను పొందిన అవివాహిత యువతీయువకులకు సైన్యములో అధికారులగుటకు ఎన్.సి.సి. ప్రత్యేక ప్రవేశము కలదు. దానికి వ్రాతపరీక్ష లేదు. నేరుగ ఎంపిక మండలి ముందుకు పిలిచెదరు. అగ్నివీరుల ఎంపికలోను ఎన్.సి.సి. సర్టిఫికెటు గలవారికి అదనపు మార్కులు కలవు.

వ్రాతపరీక్ష లేదనగానే సులభమని పొరపడవలదు. ఎంపిక మండలిలో ఐదుదినముల పరీక్ష యుండును. మొదటి దినముననే అనేకులను తిరిగి పంపివేయుదురు. మిగిలినవారికి మనస్తత్వ పరీక్షలు, ముఖాముఖి సంభాషణ యుండును. ఒక పరీక్ష నాకు మిక్కిలి నచ్చినది. ఎనిమిది, పదిమంది యువకులకు ఒక పలక, ఒక త్రాడు, ఒక దుంగ ఇచ్చి, నేల తాకకుండ అడ్డంకిని దాటి పొమ్మందురు. నాయకుడు ఎవరో ముందుగ చెప్పరు. ఎవడు ఇతరుల మాట వినుచున్నాడు, ఎవడు బలహీనునికి చేయూత నిచ్చుచున్నాడు, ఎవడు ఉపాయము చెప్పి దానికి తాను ముందుగ దిగుచున్నాడు అని అధికారి దూరమునుండి గమనించును. అరచువాడు తరచుగ ఓడిపోవును. వడ్లబస్తాల లారీ బురదలో దిగబడినప్పుడు మన ఊరిలో జరుగు పరీక్షయు ఇదియే కదా!

నా స్వంత విషయ మొకటి చెప్పుటకు అనుమతింపుడు. నేను డిగ్రీ చదువు దినములలో ఎన్.సి.సి.లో చేరితిని. రెండేండ్లు ఉత్సాహముతో పరేడుకు పోయి 'బి' సర్టిఫికెటు పొందితిని. మూడవ యేట, పరీక్షలు దగ్గరపడుచున్నవి, ఇక చాలునని మానివేసితిని. ఎవరును మానుమని చెప్పలేదు. ఎవరును మానవలదని చెప్పలేదు. 'సి' సర్టిఫికెటు లేనిదే ప్రత్యేక ప్రవేశము లేదని నాకు తెలిసినది డిగ్రీ చేతికి వచ్చిన ఆరునెలలకు. నాతో పరేడులో ప్రక్కవరుసలో నిలిచిన మిత్రుడు మూడవ యేడు పూర్తిచేసి, ఎంపికయై, సైన్యాధికారి యయ్యెను. నా ఉద్యోగముపట్ల నాకు అసంతృప్తి లేదు. కాని ఒక చిన్న సమాచారము వేళకు అందకపోవుటచేత ఒక తలుపు ఎట్లు మూసికొనిపోవునో నేనెరుగుదును. సమాచారమును పంచు శాఖలో పనిచేయు నాకు ఆ సంగతి తరచుగ జ్ఞాపకము వచ్చుచుండును. మీ గ్రామములోని పిల్లవాడు రెండవ యేట మానివేయబోవునప్పుడు "ఇంకొక్క యేడు ఓర్చుకొనుము" అని చెప్పు మనిషి మీరు కావలెను.

కొన్ని హెచ్చరికలుకూడ చేయవలసియున్నది. ఈ చదువు ఉద్యోగమునకు హామీ కాదు. వేలమందిలో కొలదిమందియే అధికారులగుదురు. కావున ప్రధాన పాఠ్యాంశములను నిర్లక్ష్యముచేసి దీనినొక్కదానినే నమ్ముకొనుట తప్పు. రెండవది: యు.జి.సి. లేఖ వచ్చినంత మాత్రమున ప్రతి కళాశాలయందును ఈ పాఠ్యాంశము ఉండునని అనుకొనరాదు. ఎన్.సి.సి. విభాగము అన్ని కళాశాలలలో లేదు. ఉన్నచోట స్థానములు పరిమితము. విశ్వవిద్యాలయమునుబట్టి క్రెడిట్ల నియమములు మారును. మూడవది, ముఖ్యమైనది: సైన్యములో చేర్పింతునని డబ్బు అడుగు దళారి ప్రతి మండలములోను ఒకడుండును. ఎంపికను మార్చు అధికారము వానికి లేదు. పొలము కుదువబెట్టి వాని చేతిలో రూకలు పోసిన తండ్రి రెండు విధముల నష్టపోవును: డబ్బు పోవును, పిల్లవాని వయస్సు దాటిపోవును. అట్టివాడు ఊరిలో కాలుపెట్టినచో పోలీసులకు తెలుపుట మీ బాధ్యత.

ఇక సోదరీమణులకు ఒక మాట. సభలో మహిళా సభ్యులు ఇంతమంది యుండుట నాకు ధైర్యమును కలిగించుచున్నది. బాలికల విభాగము 1949 నుండియే ఉన్నదని చెప్పితిని. ఖడక్‌వాస్లాలోని జాతీయ రక్షణ విద్యాలయములో 2022 నుండి యువతులను చేర్చుకొనుచున్నారు. వారి మొదటి జట్టు 2025లో శిక్షణ ముగించినది. మన తెలంగాణములోనే భువనగిరిలో, సైనికదళములలో ప్రవేశమునకు బాలికలను సిద్ధపరచు సాంఘిక సంక్షేమ గురుకుల డిగ్రీ కళాశాల కలదు. నిరుపేద కుటుంబముల ఆడపిల్లలు అచట డిగ్రీ చదువుచు శిక్షణ పొందుచున్నారు. అయినను ఆడపిల్ల పదిదినములు శిబిరమునకు పోవుదునన్నచో ఇంటిలో గగ్గోలు పుట్టును. బాలికల శిబిరములయందు స్త్రీలగు అధికారులు, శిక్షకులు తోడుండుదురని ఆ తల్లికి చెప్పవలసినది మగవాడు కాదు, మీరే. మీ మాట ఆమె నమ్మును.

కావున ఊరికి పోయిన తరువాత మీరు చేయదగిన పనులను చెప్పి ముగించెదను.

ఒకటి: డిగ్రీ ప్రవేశములకు ముందు, పిల్లవాడు చేరదలచిన కళాశాలకు పోయి మూడు ప్రశ్నలు అడిగింపుడు. ఎన్.సి.సి. విభాగమున్నదా? దానికి క్రెడిట్లు ఇచ్చుచున్నారా? మూడేండ్లు పూర్తిచేసి 'సి' పరీక్షకు పోవు వీలున్నదా? సమాధానమును నోటిమాటగ గాక, ఎన్.సి.సి. బాధ్యత వహించు అధ్యాపకునినుండియే తెలిసికొనుడు.

రెండు: గ్రామమున పరుగెత్తుటకు ఒక చదునైన స్థలమును కేటాయింపుడు. పెద్ద ఖర్చు అక్కరలేదు. ముండ్లు తీసి, గుంటలు పూడ్చి, తెల్లవారుజామున ఒక దీపము వెలుగునట్లు చేసినచో చాలును. ఆడపిల్లలు కూడ అచటికి నిర్భయముగ వచ్చునట్లు చూడుడు.

మూడు: నివాస, కుల, ఆదాయ ధ్రువపత్రములకు పిల్లలు కార్యాలయముల చుట్టు తిరుగకుండ ముందుగనే తెచ్చుకొనునట్లు హెచ్చరింపుడు. జనన నమోదులో తేదీ ఒకటి, పదవతరగతి పత్రములో తేదీ మరియొకటి యైనచో తరువాత మిక్కిలి చిక్కు వచ్చును. జనన మరణముల నమోదు మీ పంచాయతీ చేతిలోనిదే.

నాలుగు: సెలవులకు ఇంటికి వచ్చిన కేడెట్లను గ్రామసభకు పిలువుడు. ప్రథమచికిత్సను, వరదలో చేయవలసిన పనులను వారిచేత ఊరివారికి చూపింపుడు. నేర్చినదానిని పదిమందికి చెప్పినప్పుడే అది నిలుచును. పిల్లవానికి గౌరవమును కలుగును.

అయిదు: గ్రామమున పదవీవిరమణ చేసిన సైనికులున్నచో వారిని వెదకి పట్టుకొనుడు. వారి అనుభవము నేడు అరుగులమీద వృథాయగుచున్నది. వారమునకు ఒక గంట పిల్లలకు కేటాయింపుమని కోరినచో కాదను వారుండరని నా నమ్మకము.

ఇప్పుడు నిన్నటి ప్రశ్నకు సూటిగ సమాధానము. అయ్యా, మీరు సంతకము పెట్టుడు. అయితే పెట్టుటకు ముందు పిల్లవానిని ఎదుట కూర్చుండబెట్టుకొని రెండు మాటలు తీసికొనుడు. మూడేండ్లు నడుమ మాననని ఒకటి. ప్రధాన పాఠములలో వెనుకబడనని రెండవది. ఆ మాట నిలుపుకొన్నచో, రేపు వాడు సైన్యాధికారి యగునో, ఉపాధ్యాయు డగునో, మీ పొలమునే దున్నుకొనునో ఎవరు చెప్పగలరు? కాని చెరువుకట్ట తెగిన రాత్రి ఊరివారు పేరుపెట్టి పిలుచు మనిషి వాడగును. ఆ తల్లి కన్నీటికి అంతకన్న మంచి సమాధానము నాకు తోచుట లేదు.